రెండిట్టా ఎందుకు పెరిగింది? ఒక పట్టు యూనిట్‌కు డాష్‌బోర్డు ఎంచుకోవడం

శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్‌లో పొద్దుటి వేలం ముగిసేసరికి రీలరు చేతికి నాలుగైదు లాట్ల గూళ్లు వస్తాయి, వాటితో పాటు అన్నే చీటీలు. జంగమకోటె రైతు తెచ్చిన తెల్లటి బైవోల్టిన్ రకం గూళ్లు ఒక లాటు. చింతామణి పక్కనుంచి వచ్చిన పసుపుపచ్చ క్రాస్‌బ్రీడ్ ఇంకో లాటు. ధర దేనికదే, నాణ్యం దేనికదే, వేడినీటి బేసిన్‌లో వేశాక దారం తెగే తీరూ దేనికదే. సాయంత్రం రైటర్ కంప్యూటర్ ముందు కూర్చుని వాటన్నిటినీ కలిపి ఒకే పద్దు రాస్తాడు: గూళ్ల కొనుగోలు, ఇన్ని కిలోలు, ఇన్ని రూపాయలు.

ఆర్నెల్లయ్యాక, డబ్బు ఎక్కడ కారిపోతోందో తేలడం లేదని యజమాని కొడుకు డాష్‌బోర్డు టూలు కొందామంటాడు. కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ తెచ్చి రంగురంగుల బొమ్మలు చూపిస్తాడు. మ్యాపులు తిరుగుతాయి, ముళ్లు ఊగుతాయి. ఆ డెమోలో ఏ టూలు గెలిచినా ఒకటే. తెలుసుకోవాలనుకున్న సంగతి ఆర్నెల్ల కిందటే, లాట్లన్నీ కలిపి పద్దు రాసిన సాయంత్రమే చెరిగిపోయింది. రాయని దాన్ని ఏ డాష్‌బోర్డూ చూపించలేదు.

ఈ యూనిట్ ఊహించుకున్నదే. పరిస్థితి మాత్రం శిడ్లఘట్ట తాలూకాలో ఎవరికీ కొత్త కాదు. శాశ్వతంగా పారే నది లేని నేల అది. బోరు నీళ్ల మీద మల్బరీ, మల్బరీ మీద పురుగు, పురుగు మీద రైతు, రైతు మీద రీలరు. 2007లో కోలారు నుంచి విడిపోయిన చిక్కబళ్లాపురం జిల్లాలో గూళ్ల వ్యాపారానికి శిడ్లఘట్టే గుండెకాయ. రాష్ట్రంలో రామనగర తర్వాత చెప్పుకునే మార్కెట్ అది. చుట్టుపక్కల చరకాలున్నాయి, కాటేజ్ బేసిన్లున్నాయి, ఆటోమేటిక్ రీలింగ్ యంత్రాలూ వచ్చాయి. లెక్కలు మాత్రం ఎక్కువ చోట్ల పన్ను రిటర్న్ వేయడానికి, బ్యాంకుకు చూపడానికి సరిపోయేంతవరకే రాస్తారు.

రీలరు బతుకంతా ఒక అంకె మీద ఆధారపడి ఉంటుంది. కిలో ముడిపట్టు తీయడానికి ఎన్ని కిలోల పచ్చి గూళ్లు పట్టాయన్నదే రెండిట్టా. బైవోల్టిన్ గూళ్లకు ఇది ఆరున్నర ప్రాంతంలో, క్రాస్‌బ్రీడ్‌కు ఎనిమిది ప్రాంతంలో ఉంటుంది. అంకె తగ్గితే లాభం. గూళ్లు కిలో 500 రూపాయలనుకుంటే, రెండిట్టా 0.3 పెరిగితే కిలో పట్టు మీద 150 రూపాయలు ఎగిరిపోయినట్టే. కూలి ఖర్చులో పదీ పరకా తగ్గించడానికి పడే పాట్లన్నీ దీని ముందు చిన్నవి.

రెండు నెలల లెక్క తీసుకుందాం. మొదటి నెల 800 కిలోల క్రాస్‌బ్రీడ్ గూళ్ల నుంచి 100 కిలోల పట్టు తీశారు, రెండిట్టా 8.0. అదే నెల 1,300 కిలోల బైవోల్టిన్ నుంచి 200 కిలోలు, రెండిట్టా 6.5. మొత్తం 2,100 కిలోల గూళ్లు, 300 కిలోల పట్టు, రెండిట్టా 7.0. రెండో నెల మేస్త్రి కష్టపడి పని మెరుగుపరిచాడు. క్రాస్‌బ్రీడ్ 1,560 కిలోలకు 200 కిలోల పట్టు వచ్చింది, అంటే 7.8. బైవోల్టిన్ 640 కిలోలకు 100 కిలోలు, అంటే 6.4. రెండు రకాల్లోనూ అంకె తగ్గింది. ఇప్పుడు మొత్తం కలపండి. 2,200 కిలోల గూళ్లు, అదే 300 కిలోల పట్టు, రెండిట్టా 7.33!

తెర మీద ఒకే అంకె పెద్దగా చూపించే డాష్‌బోర్డు ఈ నెల ఎర్ర బాణం వేస్తుంది. యజమాని మేస్త్రిని పిలిచి అరుస్తాడు. మేస్త్రి చేసిన తప్పేమీ లేదు. ఆ నెల మార్కెట్‌లో బైవోల్టిన్ తక్కువ దొరికింది, క్రాస్‌బ్రీడ్ ఎక్కువ కొన్నారు, అంతే. భాగాలన్నీ మెరుగై మొత్తం చెడినట్టు కనిపించే ఈ చిక్కును గణాంకవేత్త ఉడ్నీ యూల్ 1903లోనే గమనించాడు. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో దాని మీద రాసిన పత్రం వల్ల అది సింప్సన్ పేరు మీదే నిలిచిపోయింది. ఆసుపత్రుల్లో మందుల పరీక్షల నుంచి యూనివర్సిటీ అడ్మిషన్ల దాకా ఇది పెద్దపెద్దవాళ్లను తప్పుదారి పట్టించింది. రెండు బేసిన్ల యూనిట్‌ను వదిలిపెడుతుందా?

ఇందులోనే ఇంకో ఉచ్చు ఉంది. మొదటి నెల 8.0, 6.5 అన్న రెండు అంకెలకు సగటు తీస్తే 7.25 వస్తుంది. నిజమైన జవాబు 7.0. మౌసుతో లాగి పడేసే టూళ్లు చాలామటుకు ఒక కాలమ్‌ను లాగగానే దాని మొత్తమో సగటో తమంతట తామే వేసేస్తాయి. రెండిట్టాను ముందే లెక్కకట్టి కాలమ్‌లో పెట్టుకుంటే ఈ పొరపాటు తప్పదు. గూళ్ల మొత్తాన్ని పట్టు మొత్తంతో భాగించే సూత్రాన్ని టూలులోనే ఒకసారి రాసి, ఏ నెలకు ఏ రకానికి అడిగినా అక్కడికక్కడ కొత్తగా లెక్కించేట్టు పెట్టాలి. పవర్ బీఐలో దీన్ని మెజర్ అంటారు, తక్కిన వాటిలోనూ వేరే పేర్లతో ఉంటుంది. కంపెనీ మనిషి డెమోకు వచ్చినప్పుడు అతను తెచ్చిన అమెరికా సూపర్ మార్కెట్ అమ్మకాల డేటాను పక్కన పెట్టమనండి. పైన చెప్పిన నాలుగు వరుసలిచ్చి, 7.0, 7.33 రెండూ తెప్పించి, ఆ తర్వాత రకాల వారీగా విడదీసి చూపమనండి. అది ఎన్ని నిమిషాల్లో, ఎవరి సాయంతో అయిందో చూస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

మిగతా సగం డేటా దగ్గరే తేలుతుంది. డేటా వేర్‌హౌస్ పద్ధతులకు రాల్ఫ్ కింబల్ 1996లో రాసిన పుస్తకం ఇప్పటికీ దారి చూపిస్తోంది. పట్టికలో ఒక వరుస దేన్ని సూచిస్తుందో ముందు తేల్చుకోమని, తక్కినవన్నీ ఆ తర్వాతేనని అందులో గట్టిగా చెప్పాడు. మన యూనిట్‌కు వరుస అంటే ఏమిటి? రోజా, బిల్లా, లాటా? రోజు వారీ మొత్తం రాస్తే రోజుల లెక్కే చెప్పగలం. లాటు వారీగా రాస్తే రోజూ తెలుస్తుంది, రైతూ తెలుస్తాడు, రకమూ తెలుస్తుంది. చిన్న వరుసలను కలిపి పెద్ద లెక్క తేవచ్చు. పెద్ద లెక్కను విడదీసి చిన్న వరుసలు తేవడం మాత్రం ఎవరి తరమూ కాదు.

దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదన్న సంగతి చాలామందికి తట్టదు. భరత్ గోయెంకా తన తండ్రి శ్యాంసుందర్ గోయెంకాతో కలిసి 1986లో మొదలుపెట్టిన టాలీ, బెంగళూరు లెక్కల సాఫ్ట్‌వేరే. జిల్లాలో ఆడిటర్లందరికీ వచ్చినదీ అదే. అందులో సరుకును బ్యాచ్‌ల వారీగా రాసే సదుపాయం ఎప్పటి నుంచో ఉంది. లాటు నంబరునే బ్యాచ్ నంబరుగా వేసుకుంటే సరిపోతుంది. గూళ్లు వాడి పట్టు తీసినట్టు రాయడానికి మాన్యుఫాక్చరింగ్ జర్నల్ అనే వోచర్ ఉంది. అందులోనే ప్యూపా, వేస్టు పట్టు కూడా ఉప ఉత్పత్తులుగా రాసుకోవచ్చు. వ్యాపార లెక్కలకే వాడే ఈఆర్‌పీనెక్స్ట్‌లో బ్యాచ్, ఓడూలో లాట్ అన్న పేర్లతో ఇదే పని జరుగుతుంది. సదుపాయం ఉన్నా రైటర్‌కు రోజూ పావుగంట పని పెరుగుతుంది. ఆ పావుగంటకు జీతం ఇవ్వడానికి సిద్ధపడని యజమాని లక్షలు పోసి టూలు కొన్నా దండగే.

బేసిన్ దగ్గర ఇంకో చిక్కొస్తుంది. బేసిన్ నిండడానికి రెండు మూడు లాట్లు కలిపి ఉడకేస్తారు. అలా కలిపాక ఏ లాటు ఎంత దారమిచ్చిందో దేవుడికే తెలియాలి. అప్పుడు రీలింగ్ బ్యాచ్ అని ఇంకో నంబరు పెట్టి, అందులో ఏయే లాటు ఎన్ని కిలోలు పోయిందో మాత్రం రాసుకోవాలి. రెండిట్టా బ్యాచ్‌కే దొరుకుతుంది. అంతకు మించి లాటు లాటుకూ చూపిస్తామనే టూలు అబద్ధం చెబుతోందన్నమాట. కనీసం బైవోల్టిన్‌నూ క్రాస్‌బ్రీడ్‌నూ కలపకుండా ఉంటే పైన చెప్పిన చిక్కు తీరిపోతుంది.

కిలో అన్నా అన్ని చోట్లా ఒకటే కాదు. పురుగు చిలకై గూడును చీల్చుకుని బయటకు రాకముందే గూళ్లను ఆవిరికో వేడిగాలికో పెట్టి చంపాలి. పూర్తిగా ఎండబెట్టిన గూడు పచ్చిదానిలో 40 శాతం ప్రాంతంలోనే తూగుతుంది. మార్కెట్ చీటీ మీది కిలో పచ్చిది, గోడౌన్ స్టాకులోని కిలో ఎండుది. రెండూ ఒకే కాలమ్‌లో పడితే యూనిట్ ఒక నెల దొంగతనం జరిగినట్టూ ఇంకో నెల నిధి దొరికినట్టూ కనిపిస్తుంది. అందుకే టూలు కొనేముందు అరపేజీ కాగితం మీద రాసి పెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కిలో అంటే ఏది, పట్టు అంటే వేస్టు కలిపా కలపకా, నెల అంటే కొన్న తేదీనా తీసిన తేదీనా. ఈ అరపేజీ లేకుండా ఆడిటర్ ఒక రెండిట్టా, మేస్త్రి ఒక రెండిట్టా, డాష్‌బోర్డు ఇంకో రెండిట్టా చెబుతుంటే నమ్మేదెవరిని?

డేటా తాజాదనం గురించి టూళ్లు అమ్మేవాళ్లు చాలా మాట్లాడతారు. రియల్ టైమ్ అంటారు. రీలరుకు రెండు రకాల వేగాలు కావాలి. పొద్దున వేలంలో ఏ ధర దాకా పాడాలో తేల్చేటప్పుడు గంటల లెక్క. మార్కెట్ ధరల్లో ఆనాటి కనిష్ఠం, గరిష్ఠం, సగటు అతని ఫోనులోకి రావాలి, నిన్నటిదాకా గోడౌన్‌లో ఎంత సరుకుందో దాని పక్కనే కనిపించాలి. రెండిట్టా మాత్రం గూళ్లు ఉడికి, దారం తీసి, తూకం వేస్తేగానీ తెలియదు. దాన్ని నిమిష నిమిషానికీ రిఫ్రెష్ చేసి ప్రయోజనమేముంది? పవర్ బీఐ ప్రో లైసెన్సులో ముందుగా పెట్టుకునే రిఫ్రెష్‌లు రోజుకు ఎనిమిదే. పెద్ద కంపెనీలు దీన్ని లోపమంటాయి. ఇక్కడ రోజుకు ఒకటి చాలు, కాకపోతే అది తప్పకుండా జరగాలి.

ఆ తప్పకుండా అన్న చోటే చిన్న యూనిట్లు బోల్తా పడతాయి. టాలీ డేటా దాని సొంత ఫైళ్లలో ఉంటుంది. బయటి టూలు దాన్ని ఓడీబీసీ దారిలోనో, 9000 నంబరు పోర్టు మీద ఎక్స్‌ఎంఎల్ రూపంలోనో అడిగి తీసుకోవాలి. అలా అడిగేటప్పుడు ఆ కంప్యూటర్‌లో టాలీ తెరిచి ఉండాలి, కంపెనీ లోడ్ అయి ఉండాలి. రైటర్ సాయంత్రం స్విచ్చి కట్టేసి ఇంటికి పోతే రాత్రి పన్నెండింటికి జరగాల్సిన రిఫ్రెష్ జరగదు. పొద్దున తెర మీద మొన్నటి అంకెలు నిన్నటివిలా కూర్చుంటాయి. కాబట్టి ఏ టూలైనా చివరిసారి డేటా ఎప్పుడు తెచ్చిందో పేజీ మీదే, పెద్ద అక్షరాల్లో చూపించాలి. ఈఆర్‌పీనెక్స్ట్ మరియాడీబీ మీద, ఓడూ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మీద నడుస్తాయి. వాటికి మెటాబేస్, సూపర్‌సెట్ లాంటి టూళ్లు నేరుగా తగులుకోగలవు. తగులుకునేది అసలు డేటాబేస్‌కు కాకుండా దాని నకలుకైతే మేలు. లేదంటే ఎవరో మూడేళ్ల రిపోర్టు అడిగిన క్షణాన బిల్లు కొట్టే తెర బిగుసుకుపోతుంది.

వేగం సంగతి వచ్చింది గనుక, ఈ టూళ్లు కోట్ల వరుసలను రెప్పపాటులో ఎలా కూడుతాయో చూద్దాం. మామూలు డేటాబేస్ ఒక బిల్లుకు చెందిన తేదీ, పేరు, కిలోలు, ధర అన్నిటినీ పక్కపక్కనే రాసుకుంటుంది. బిల్లు తీసి దిద్దడానికి అది అనుకూలం. రిపోర్టుకు కావాల్సింది కిలోల కాలమ్ ఒక్కటే అయినా మిగతాదంతా చదవాల్సి వస్తుంది. విశ్లేషణ కోసం కట్టిన ఇంజన్లు కాలమ్‌ను కాలమ్‌గా దాచుకుంటాయి. అడిగింది మాత్రమే చదువుతాయి. పైగా ఒకే రకం విలువలు వరుసగా ఉండటంతో వాటిని బాగా కుదించి పెట్టుకోవచ్చు, బైవోల్టిన్ అన్న మాట వెయ్యిసార్లు రాయడానికి బదులు ఒకసారి రాసి వెయ్యి అని గుర్తు పెట్టుకున్నట్టు. పవర్ బీఐ లోపలి ఇంజనూ, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2019లో బయటపెట్టిన డక్‌డీబీ కూడా ఈ దారిలోవే.

ఇదంతా మన యూనిట్‌కు కావాలా? రోజుకు 30 వరుసలు, ఏడాదికి 300 పనిరోజులనుకుంటే 9,000 వరుసలు. ఎక్సెల్ షీటు ఒకటి 10,48,576 వరుసలు మోస్తుంది. అది నిండడానికి నూట పదహారేళ్లు పడుతుంది. పెద్ద డేటా అన్న మాటకు భయపడి పెద్ద టూలు కొనే చిన్న వ్యాపారులను చూస్తే జాలేస్తుంది.

బొమ్మల విషయంలో శాస్త్రం తేల్చి చెప్పిన సంగతులు కొన్ని ఉన్నాయి. పట్టీల బొమ్మను స్కాట్లండ్ వాడు విలియం ప్లేఫెయిర్ 1786లో అచ్చు వేశాడు, గుండ్రటి పై చార్టు కూడా 1801లో అతని చేతి మీదే వచ్చింది. ఆ రెండిట్లో కంటికి ఏది సరిగా ఆనుతుందో విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ప్రయోగాలు చేసి చూపారు. ఒకే గీత మీంచి లేచిన పొడవులను మనుషులు బాగా పోల్చగలరు. కోణాలనూ వైశాల్యాలనూ పోల్చడంలో తడబడతారు. కాబట్టి బైకు మీటరులా ముల్లు ఊగే గేజి చూడ్డానికి బాగుంటుంది గానీ, 6.4కూ 6.6కూ తేడా దాని మీద కనపడదు. గీతో పట్టీయో పెట్టుకోవడం మంచిది.

ఎర్ర, పచ్చ బాణాల కంటే నాకు నచ్చేది నాణ్యతా లెక్కల నిపుణుడు వాల్టర్ షూహార్ట్ పద్ధతి. 1924 మే 16న ఆయన తన పై అధికారికి ఒక పేజీ కాగితం పంపాడు. అందులో ఉన్న చిన్న బొమ్మే కంట్రోల్ చార్టుకు మొదలు. మన గణాంకవేత్త మహలనోబిస్ చొరవతో 1947-48లో ఆయన మన దేశానికీ వచ్చాడు, ఇక్కడి కార్ఖానాల్లో నాణ్యతా లెక్కలకు ఊపొచ్చింది. ఆయన చెప్పింది ఇదీ: ఏ అంకె అయినా రోజుకు రోజుకూ కొంత ఊగుతుంది, ఆ ఊగుకు కారణం వెతకడం కాలం దండగ. హద్దు దాటినప్పుడే వెతకాలి. హద్దు ఎక్కడో మనసుకు తోచినట్టు పెట్టుకోకూడదు, లెక్క నుంచే తీయాలి. బైవోల్టిన్ రెండిట్టా సగటు 6.5, ఒక రోజుకూ మర్నాటికీ మధ్య తేడాల సగటు 0.15 అనుకోండి. ఆ 0.15ను 2.66తో గుణిస్తే దాదాపు 0.4. అంటే 6.1 నుంచి 6.9 దాకా మామూలే. నిన్న 6.4 ఉండి ఇవాళ 6.7 అయితే మేస్త్రిని పిలవక్కర్లేదు. 7.1 అయిననాడు గూళ్లు తడిసినవా, నీటి వేడి తగ్గిందా, తూకం తప్పిందా అని వెంటనే చూడాలి. రెండు అడ్డగీతలు గీయడం చేతకాని డాష్‌బోర్డు ఈ పనికి పనికిరాదు. మామూలు స్ప్రెడ్‌షీటుకు మాత్రం అది చేతనవుతుంది.

ఇక జంగమకోటె దగ్గర తప్పకుండా చూసుకోవాల్సినవి, అమెరికాలో రాసిన ఏ కొనుగోలు గైడులోనూ ఉండనివి. ఇక్కడ ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితంలో కన్నడం, కంప్యూటర్‌లో ఇంగ్లిష్. రైతుల పేర్లు కన్నడ లిపిలో ఉంటే తెర మీద బాగానే కనిపిస్తాయి. పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపితే ఒత్తులు ఊడి పక్కకు పడతాయి. అక్షరాలను కలిపి రూపుదిద్దే పని బ్రౌజర్‌కు వచ్చినంత బాగా పీడీఎఫ్ తయారు చేసే ప్రోగ్రాములన్నిటికీ రాదు. డెమోలో శిడ్లఘట్ట అన్న మాటను కన్నడంలో, తెలుగులో టైపు చేయించి, పీడీఎఫ్ తీయించి, ఫోనులో తెరిచి చూడండి. డ కింద ల వత్తు, ట కింద ట వత్తు సరిగా నిలబడ్డాయా? అలాగే పన్నెండున్నర లక్షలను 12,50,000 అని చూపిస్తుందో, 1,250,000 అని చూపిస్తుందో చూడండి. మిలియన్ల కామాలు చదివి బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడలేం.

ఎవరు ఏం చూడాలో కూడా ముందే తేల్చుకోవాలి. మేస్త్రికి రెండిట్టా కావాలి, అప్పుల ఖాతా అక్కర్లేదు. ఒకే డాష్‌బోర్డులో మనిషిని బట్టి వరుసలు దాచే సదుపాయం లేకపోతే రెండు వేర్వేరు పేజీలు చేసుకోవడం నయం. ప్రైవేట్ లిమిటెడ్‌గా నమోదైన యూనిట్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఇంకో నియమం ఉంది. పద్దును ఎవరు, ఎప్పుడు మార్చారో చెరపలేని జాడ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉండి తీరాలి. కాబట్టి డాష్‌బోర్డు డేటాను చదవాలే తప్ప, వెనక్కి రాసే అధికారం దానికి ఇవ్వొద్దు.

ఖర్చు దగ్గర ఒక మాట. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం, ఒక కంప్యూటర్ మీద ఒక మనిషి చూసుకోవచ్చు. పదిమందికీ పంచాలంటే మనిషికింత చొప్పున ప్రో లైసెన్సు. నెలకు 10 డాలర్లున్న ఆ ధర 2025 ఏప్రిల్‌లో 14 అయింది. టాబ్లో అనే టూలు ధర ఇంకా బరువు. మెటాబేస్, సూపర్‌సెట్, ఈఆర్‌పీనెక్స్ట్ వాళ్ల ఇన్‌సైట్స్ ఓపెన్ సోర్స్, లైసెన్సు రుసుము లేకుండా సొంతంగా నడుపుకోవచ్చు. సర్వరును చూసుకునే మనిషికి మాత్రం డబ్బివ్వాలి. ఆ మనిషి సాధారణంగా బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఆదివారం ఊరికొచ్చే తమ్ముడే అవుతాడు.

అందుకని టాలీ మీద నడిచే, ముగ్గురే చూసే యూనిట్‌కు నా ఓటు ఇదీ: ఏడాది పాటు బ్యాచ్ నంబర్లతో టాలీ, ఒక రీలింగ్ రిజిస్టరు షీటు, రెండు హద్దుల గీతలతో ఒక చార్టు, పొద్దున వాట్సాప్‌లో ఒక పేజీ. ఈఆర్‌పీనెక్స్ట్ మీద ఉంటే దానికి జోడించుకునే ఇన్‌సైట్స్‌తోనే మొదలుపెట్టొచ్చు. ఏడాది అయ్యాక ఆ పేజీ చూసి ఏ లాటు కొనడం మానేశారో, ఏ బేసిన్ బాగు చేయించారో రాసిపెట్టి ఉంటే, ఆ కాగితం పట్టుకుని టూలు అమ్మేవాళ్లను పిలవచ్చు. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు మాత్రం, మానేసిన రోజున తమ డేటానంతా సీఎస్‌వీ ఫైళ్లుగా ఇస్తారా అని అడిగి, ఆ జవాబును ఒప్పందంలోనే రాయించుకోవాలి.